ముందు డాక్యుమెంటా ముందు కోడా, మా జీడిపిక్కల యాప్ గొడవ

మా వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే గొడవ మొదలైంది, ముందు అంతా రాసుకుని తర్వాత కోడ్ చెయ్యాలా, లేకపోతే ముందు కోడ్ కొట్టేసి తర్వాత చూసుకోవాలా అని. గ్రూపులో ఉన్నది ముగ్గురమే అయినా మెసేజులు చూస్తే ముప్పై మంది ఉన్నారేమో అనిపిస్తుంది. నేను శ్రీకాకుళంలో ఇంటి నుంచే ఒక కంపెనీకి పని చేస్తాను, మా అప్ప (అక్క) మొగుడు అంటే మా బావ హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళ నుంచి ఉన్నాడు, మూడో వాడు విజయనగరం కుర్రాడు, మాకు వరసకి తమ్ముడవుతాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ముగ్గురం కలిసి శని ఆదివారాలు కూర్చుని పలాస పక్కన కాశీబుగ్గలో మా పెదనాన్న నడిపే చిన్న జీడి ఫ్యాక్టరీకి లెక్కల యాప్ చేస్తున్నాం. డబ్బుల కోసం కాదు, పెదనాన్న జీడిపప్పు డబ్బాలు పంపిస్తాడు, గుండు కాదు లెండి, బద్ద.

బావ పద్ధతి ఏంటంటే, పని మొదలెట్టే ముందే ఒక పెద్ద డాక్యుమెంట్ పంపించాడు. ఎవరు లాగిన్ అవుతారు, ఏ స్క్రీన్ మీద ఏ బటన్, ఏ టేబుల్లో ఏ కాలమ్, ఎర్రర్ వస్తే ఏ రంగులో చూపించాలి, అన్నీ ఉన్నాయి. తప్పుబట్టడానికి లేదు, చాలా శ్రద్ధగా రాసాడు. కాకపోతే దాన్ని పూర్తిగా చదివింది రాసిన ఆయన ఒక్కడే. నేను మొదటి పది పేజీలు చదివాను, కుర్రాడు ఫైలు కూడా తెరవలేదు, "అప్పా, బావ రాసినంత సేపట్లో నేను యాప్ చేసేస్తాను" అన్నాడు, అన్నట్టే ఆ ఆదివారం పొద్దున్నకి కొనుగోలు స్క్రీన్ ఒకటి రెడీ చేసి లింకు పెట్టాడు. బావకి కోపం వచ్చింది. "నేను రాసింది చూడకుండా కోడ్ ఏటి రాసినావురా నువ్వు" అని. (హైదరాబాద్ వెళ్ళి ఇన్నేళ్ళయినా కోపం వస్తే బావకి మన యాసే వస్తుంది.)

అక్కడి నుంచి ఇద్దరూ చెరో పక్క. నాకు మాత్రం ఇద్దరూ గెలిచిన రోజులూ ఉన్నాయి, ఇద్దరూ ఓడిన రోజులూ ఉన్నాయి. ఎవరిది కరెక్టు అని కాకుండా, ఏది రాసుకోవాలి ఏది రాయకుండా చేసేయాలి అన్నదే అసలు ప్రశ్న అని నాకు అర్థమైంది కూడా ఈ ఫ్యాక్టరీ దగ్గరే.

ముందు కుర్రాడు గెలిచిన సంగతి చెప్తాను. ఆ కొనుగోలు స్క్రీన్ ఫోనులో పెట్టుకుని నేను కాశీబుగ్గ వెళ్ళాను. ఫ్యాక్టరీలో లెక్కలన్నీ చూసే గుమస్తా గారు ఉంటారు, పెద్దాయన, ఎర్ర అట్ట పుస్తకం, చెవి మీద పెన్ను. స్క్రీన్ మీద తేదీ, రైతు పేరు, ఎంత, రేటు, మొత్తం, ఇంతే ఉన్నాయి, బావ డాక్యుమెంట్లో కూడా సరిగ్గా ఇవే ఉన్నాయి, అంటే చూడకుండా రాసినా కుర్రాడికి కూడా అదే తట్టిందన్నమాట. గుమస్తా గారు ఫోను దూరంగా పెట్టుకుని చూసి "బాగుందమ్మా, మరి తరుగెక్కడ రాయాలి" అన్నారు. తరుగు అంటే గోనె బరువు, పిక్కలో తేమ, వీటికి తూకంలో తీసేసేది. అది మాకు ఎవరికీ తట్టలేదు. తర్వాత ఇంకో వేలితో కిందకి జరిపి "అడ్వాన్సు ఏదీ" అన్నారు. సీజనుకి ముందే రైతు కొంత డబ్బు తీసుకుంటాడు, పిక్కలు తెచ్చినప్పుడు అందులోంచి తెగ్గోస్తారు. ఉద్దానం అనే ఈ జీడితోటల వైపు తెలిసిన వాళ్ళకి ఇది కొత్త కాదు, కానీ మేము ముగ్గురం పుట్టి పెరిగింది ఈ జిల్లాల్లోనే అయినా డాక్యుమెంట్లోకి అది రాలేదు. ఎందుకు రాలేదంటే, అంతకు ముందు బావ ఫోన్ చేసి గుమస్తా గారిని "మీ పని ఎలా జరుగుతుందో చెప్పండి" అని అడిగితే ఆయన "పిక్కలు కొంటాం, రాస్తాం, డబ్బులిస్తాం" అని చెప్పారు. అబద్ధం కాదు కదా అది. ఆయనకి తరుగు తియ్యడం ఊపిరి తీసినంత మామూలు, దాన్ని విడిగా చెప్పాలని ఆయనకెందుకు తడుతుంది. బొమ్మ కళ్ళ ముందు పెడితేనే లేనిది కనపడింది.

డాక్యుమెంట్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే, అది చదివే వాడు ఎప్పుడూ "సరే" అంటాడు. స్క్రీన్ చూసిన వాడు మాత్రం "ఇదేంటి" అంటాడు.

ఇప్పుడు బావ గెలిచింది. కొనుగోలు భాగం కుర్రాడు రాసాడు, స్టాకు రిపోర్టు నేను బావ కలిసి రాసాం. ఎవరి భాగం వాళ్ళ దగ్గర బాగానే నడిచింది. రెండూ కలిపిన రోజు స్టాకు రిపోర్టులో గోడౌన్ దాదాపు ఖాళీ అని చూపించింది, గోడౌన్లో చూస్తే బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. సంగతేంటంటే పలాస వైపు జీడిపిక్కల బేరం బస్తా లెక్కన జరుగుతుంది, బస్తా అంటే 80 కిలోలు. కుర్రాడు "ఎంత" అన్న గడిలో బస్తాలు పెట్టాడు, గుమస్తా గారు అలాగే అంటారు కాబట్టి. రిపోర్టు అదే అంకెని కిలోలు అనుకుని చదివింది, ఫ్యాక్టరీ లోపల పప్పు లెక్క అంతా కిలోల్లో ఉంటుంది కాబట్టి. పది బస్తాలు వచ్చి పది కిలోలైపోయాయి. కోడ్ ఎంత బాగా రాసినా, ఎంత వేగంగా రాసినా ఇది దొరకదు, ఎందుకంటే ఏ ఒక్కరి కోడ్‌లోనూ తప్పు లేదు, తప్పు ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఉంది. "బరువు అన్ని చోట్లా కిలోల్లో దాస్తాం, బస్తా అనేది చూపించడానికి మాత్రమే" అని ఒక్క లైను ఎక్కడో రాసుకుంటే అయిపోయేది.

నవ్వకండి, నాసా వాళ్ళకి కూడా సరిగ్గా ఇదే అయింది. 1999 సెప్టెంబరులో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గరికి వెళ్ళి నాశనమైపోయింది, కారణం చూస్తే భూమ్మీద ఒక సాఫ్ట్‌వేర్ బలం లెక్కని పౌండ్లలో ఇచ్చింది, దాన్ని తీసుకున్న వాళ్ళు న్యూటన్లు అనుకున్నారు, నాలుగున్నర రెట్ల తేడా. ఇందులో బావకి నచ్చని ముక్క ఒకటుంది, అక్కడ స్పెసిఫికేషన్, అంటే ఏది ఎలా ఉండాలో ముందే రాసుకున్న కాగితం, ఉంది. మెట్రిక్ యూనిట్లలోనే ఇవ్వాలని అందులో రాసి కూడా ఉంది. రాసింది ఉన్నా దాని ప్రకారం వస్తోందా లేదా అని చివరి దాకా ఎవరూ సరిగ్గా టెస్ట్ చెయ్యలేదు. అందుకే ఇప్పుడు మా కాగితంలో రూల్ పక్కన లెక్క కూడా రాస్తాం. 10 బస్తాలు, బస్తాకి కిలో తరుగు, అంటే 800 లోంచి 10 పోయి 790 కిలోలు, బస్తా రేటు 16,000 అనుకుంటే కిలో 200, మొత్తం 1,58,000, అడ్వాన్సు 50,000 పోతే చేతికి 1,08,000. ఈ అంకెలే టెస్టు. ఎవరు ఏ కోడ్ మార్చినా ఈ లెక్క ఇలాగే రావాలి, రాకపోతే కోడ్ లోపలికి రాదు. ఈ లెక్క గుమస్తా గారు కూడా చదవగలరు, అదీ దాని గొప్ప. బావ మొదటి డాక్యుమెంట్ ఆయన చదవలేరు.

ఈ గొడవ పెద్ద ఊళ్ళలో కూడా ఇలాగే ఉంది, అక్కడ కాకపోతే రెండు పార్టీలూ పాత పేపర్లు తీసి కొట్టుకుంటాయి. ముందు అంతా ప్లాన్ చేసుకోవాలి అనే పద్ధతికి మూలం అని అందరూ చెప్పేది విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పేపరు. అందులో మెట్లు మెట్లుగా కిందకి దిగే బొమ్మ ఉంటుంది, దాన్నే తర్వాత వాటర్‌ఫాల్ అన్నారు. తమాషా ఏంటంటే ఆ బొమ్మ వేసిన తర్వాత ఆయనే ఇలా చేస్తే రిస్కు, ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ అని రాసాడు, కొత్త రకం పని అయితే ఒకసారి చిన్నగా చేసి చూసి రెండోసారి అసలుది చెయ్యమన్నాడు. బొమ్మ మాత్రం అందరూ తీసుకున్నారు, కింద రాసింది చదవలేదు. రెండో పార్టీ వాళ్ళూ అంతే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటాలో 17 మంది కూర్చుని అజైల్ మేనిఫెస్టో అనే ప్రకటన రాసారు, పేజీలకి పేజీల డాక్యుమెంట్ కంటే నడిచే సాఫ్ట్‌వేర్ ముఖ్యం అని. అందులో ఒక్కో లైనులో ఎడమ పక్కన నడిచే సాఫ్ట్‌వేర్ లాంటివి, కుడి పక్కన డాక్యుమెంట్ లాంటివి ఉంటాయి. దాని కిందే, కుడి పక్కన ఉన్న వాటికి కూడా విలువ ఉంది కానీ ఎడమ పక్కవాటికి ఎక్కువ విలువిస్తాం అని స్పష్టంగా ఉంది. డాక్యుమెంట్ రాయొద్దని ఎక్కడా లేదు. మా కుర్రాడికి అది చూపిస్తే "అంత కిందకి ఎవరు చదువుతారప్పా" అన్నాడు.

వాడు తరచూ తెచ్చే సాక్షి లైనస్ టోర్వాల్డ్స్, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలెట్టినాయన. మాటలదేముంది, కోడ్ చూపించు అని ఆయన 2000లో లైనక్స్ మెయిలింగ్ లిస్టులో అన్న మాట వాడి లాప్‌టాప్ మీద స్టిక్కర్‌గా ఉంది. సరే, కానీ ఆ మనిషి పనిచేసే తీరు చూడండి. 2005 ఏప్రిల్లో గిట్ అనే, కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే సాధనం మొదలెట్టి కొద్ది రోజుల్లోనే గిట్ కోడ్‌ని గిట్‌లోనే పెట్టుకునే స్థాయికి తెచ్చాడు, నిజంగా కోడ్ ముందే. అయితే తర్వాత ఆయనే చెప్పింది, తను కోడ్‌ని ఎప్పుడూ డేటా చుట్టూ డిజైన్ చేస్తానని, చెడ్డ ప్రోగ్రామర్లు కోడ్ గురించి బెంగపెట్టుకుంటే మంచివాళ్ళు డేటా ఎలా అమరిందో దాని గురించి ఆలోచిస్తారని. లైనక్స్ కెర్నల్‌లో, అంటే దాని అసలు గుండెకాయ లాంటి భాగంలో, ఇంకో గట్టి రూలు ఉంది, బయట యూజర్ ప్రోగ్రాములు ఆధారపడేదాన్ని చెడగొట్టకూడదు. లోపల ఫంక్షన్లు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు మార్చేస్తారు, అవి స్థిరంగా ఉంచుతామని మాటివ్వరు. అంటే "కోడ్ చూపించు" అనే చోట కూడా గడప దగ్గర కట్టుబాటు ఉంది, లోపల స్వేచ్ఛ ఉంది. స్టిక్కర్ మీద అంత స్థలం ఉండదు అనుకోండి.

ఇటు బావకి నేను చెప్పేది పెర్ల్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష కథ. 2000లో ప్రకటించారు, జనాన్ని సలహాలు అడిగితే 361 ప్రతిపాదనలు వచ్చాయి. వాటి మీద డిజైన్ డాక్యుమెంట్లు రాయడం మొదలైంది, రాస్తూనే ఉన్నారు. 2005లో ఆడ్రీ టాంగ్ పగ్స్ అని హాస్కెల్ అనే ఇంకో భాషలో ఒక ఇంప్లిమెంటేషన్, అంటే ఆ డిజైన్‌ని నిజంగా నడిపే ప్రోగ్రాము, మొదలెట్టాక రాసిన డిజైన్‌ని నడిపి చూసే వీలు వచ్చింది. మొదటి అధికారిక విడుదల 2015 క్రిస్మస్‌కి. 2019లో పేరు కూడా మార్చి రాకు అన్నారు. భాషగా అది చాలా బాగుందని వాడేవాళ్ళు చెప్తారు, నేను కాదనను, కానీ ఆ పదిహేనేళ్ళలో వాడాల్సిన జనం చాలామంది పైథాన్ అనే భాష వైపు వెళ్ళిపోయారు. పైథాన్ వాళ్ళూ మార్పులకి పెప్ అని కాగితాలు రాస్తారు, 2000 నుంచే రాస్తున్నారు. తేడా ఏంటంటే ఒక్కో మార్పుకి ఒక్కో చిన్న కాగితం, ఎందుకు కావాలి, వేరే దారులు ఏవి చూసాం, ఎందుకు వద్దనుకున్నాం. ఇంప్లిమెంటేషన్ పూర్తయితే కానీ ఆ కాగితానికి ఫైనల్ అన్న ముద్ర పడదు. ఇంటర్నెట్ నియమాలు రాసే ఐఈటీఎఫ్‌లో కూడా 1992 నుంచి వాడుకలో ఉన్న మాట ఒకటుంది, మాకు రాజులూ అధ్యక్షులూ ఓటింగూ వద్దు, దాదాపు అందరూ ఒప్పుకుంటే చాలు, నడిచే కోడ్ ఉంటే చాలు అని, డేవిడ్ క్లార్క్ అన్నాడు. నాకు నచ్చేది ఆ రెండూ ఒకే వాక్యంలో ఉండడం.

స్పెసిఫికేషన్ అంటే కంపెనీ వాళ్ళ పేపర్ వర్క్ అనుకునే వాళ్ళు ఒకసారి మా ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగి చూడండి. టీ బండి మీద ఒక క్యూఆర్ అట్ట ఉంటుంది, అది ఏ కంపెనీ ఇచ్చిందో మనకి అనవసరం, మన ఫోన్లో ఏ యాప్ ఉందో బండి ఆయనకి అనవసరం. ఆ గళ్ళ బొమ్మని విప్పితే లోపల ఉండేది ఒక చిన్న లింకు, యూపీఐ అని మొదలై, పీఏ అంటే డబ్బు ఎవరి అడ్రసుకి, పీఎన్ అంటే వాళ్ళ పేరు, ఏఎమ్ అంటే ఎంత, సీయూ అంటే ఏ కరెన్సీ. అంతే. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి ఒకరినొకరు చూసుకోని, పైగా ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీల ఇంజనీర్లు ఈ నాలుగు ముక్కల దగ్గర కలుస్తున్నారు. యాప్ లోపల ఎవరు ఎలా రాసుకున్నారో, ఏ భాషలో రాసుకున్నారో ఆ కాగితం పట్టించుకోదు. బావ డాక్యుమెంట్‌కీ దీనికీ తేడా అదే, బావ బటన్ రంగు కూడా రాసాడు.

పెళ్ళికి వంటాయన సరుకుల చీటీ ముందే రాయించుకుంటాడు చూడండి, కందిపప్పు ఎంత, నూనె డబ్బాలు ఎన్ని అని, ఎందుకంటే అర్ధరాత్రి నూనె అయిపోతే ఏ కొట్టూ తెరిచి ఉండదు. పులుసులో ఉప్పు ఎంత అని మాత్రం రాయించడు, గరిటె ముంచి చూసుకుంటాడు. మేము ఇప్పుడు రాసుకునేది కూడా అంతే, మధ్యలో దొరకనివి, తర్వాత మార్చాలంటే చచ్చేవి. ఇద్దరి కోడ్ కలిసే చోటు ఏంటి, డేటా ఏ రూపంలో దాస్తాం, డబ్బు ఎక్కడ తేడా వస్తే ఎవరి లెక్క నమ్ముతాం, ఏది ఈసారి చెయ్యం. ఆ చివరిది చాలా పనికొస్తుంది, ఎందుకంటే పెదనాన్న ప్రతి వారం "కూలోళ్ళ జీతాలు కూడా అందులోనే వచ్చేస్తే బాగుణ్ణమ్మా" అంటాడు. అంతా కలిపి ఒక పేజీ దాటదు, ఫోన్లో చదివేలా ఉండాలి. కోడ్ ఉన్న చోటే ఆ ఫైలు కూడా ఉంటుంది, కోడ్ మార్చినోడు అదే మార్పులో దాన్నీ మార్చాలి, లేకపోతే రెండు నెలల్లో కాగితం ఒక దారి కోడ్ ఒక దారి.

డేటా రూపం గురించి ఎందుకింత పట్టు అంటే, రైతుల పేర్ల లిస్టు చూసాక ఎవరికైనా పట్టు వస్తుంది. పెదనాన్న దగ్గర పాత లిస్టు ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించింది ఉంది. ఫైలు మా కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పేర్లకి బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొమ్ములు. అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడింగు, కాదు, ఆ ఫాంటు ఉన్న మెషీన్లో మాత్రమే తెలుగుగా కనపడే పాత కోడింగు. తెలుగుకి యూనికోడ్‌లో చోటు 1991లోనే వచ్చింది. అది అందరి కంప్యూటర్లలోకీ దిగేసరికి చాలా ఏళ్ళు పట్టింది, ఈలోపు ఎవరి ఫాంటు వాళ్ళు చేసుకున్నారు, పత్రికల వెబ్‌సైట్లు కూడా ఒక్కోటీ ఒక్కో ఫాంటుతో ఉండేవి, ఒకటి వేసుకుంటే ఇంకోటి కనపడేది కాదు. అప్పటి వాళ్ళని అనడానికి లేదు, పని ఆగకూడదు కదా, వాళ్ళ దృష్టిలో ముందు తెలుగు కాగితం మీద పడితే చాలు. పడింది కూడా. కానీ ఇప్పుడు కన్వర్టర్‌తో మార్చినా వత్తులు అక్కడక్కడా తారుమారై, గుమస్తా గారు ఒక్కో పేరూ పైకి చదువుతుంటే నేను దిద్దుతూ కూర్చోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏఐ వచ్చాక ఈ గొడవ ఇంకో మలుపు తిరిగింది. కుర్రాడు ఇప్పుడు కోడ్ చేత్తో పెద్దగా రాయడం లేదు, టూల్‌కి చెప్పి రాయిస్తున్నాడు. మొదట్లో "అమ్మకాల స్క్రీన్ చెయ్యి" అని ఒక్క ముక్క చెప్పేవాడు, అది బ్రహ్మాండంగా చేసేది, మన పద్ధతి కాకుండా ఎక్కడో ఇంకో దేశం కొట్టుకి సరిపోయేలా. జీడిపప్పు గ్రేడులు 180, 210, 240, 320 అని ఉంటాయి, పౌండుకి ఎన్ని పలుకులు తూగుతాయో అది, అంటే అంకె చిన్నదయితే పప్పు పెద్దది, రేటు ఎక్కువ. టూల్ మాత్రం 320ని పెద్ద సైజు అనుకుని పైన పెట్టి, ఎక్కువ రేటు అడిగింది. దానికి ఎవరు చెప్పారు గనక. ఇప్పుడు వాడు దానికి ముందే అరపేజీ రాసి ఇస్తున్నాడు, గ్రేడులంటే ఏంటి, కిలోలా బస్తాలా, తరుగు ఎప్పుడు తీస్తారు, పైన చెప్పిన లెక్క కూడా అతికిస్తాడు. బావ అది చూసి గ్రూపులో "ఇప్పుడు నువ్వు రాస్తున్నదాన్ని ఏమంటారో తెలుసా తమ్ముడూ" అని పెట్టి నవ్వే బొమ్మలు ఒక వరస పెట్టాడు. వాడు చూసి కూడా జవాబివ్వలేదు.

అయితే బావ గెలిచేసాడని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ అరపేజీలో ఉన్నవన్నీ నడిచిన కోడ్ చూపించాక తెలిసినవే. ఏఐ వల్ల చేసి చూపించడం చవకైపోయింది కాబట్టి పారేసే స్క్రీన్ ముందు చెయ్యడానికి ఇప్పుడు అసలు సాకు లేదు. కష్టం ఎక్కడంటే పారేస్తాం అనుకుని చేసింది పారెయ్యకపోవడం, పెదనాన్న దాన్ని పట్టుకుని "బాగానే ఉంది కదమ్మా, ఇదే ఉంచేయండి" అనడం.

తాజా గొడవ ఆఫ్‌లైన్ గురించి. తిత్లీ తుపాను వచ్చిన 2018లో కాశీబుగ్గ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, తోటలకి తోటలు పడిపోయాయి, అది చూసిన పెదనాన్న నెట్ లేకపోతే ఆగిపోయే యాప్ నాకొద్దు అని ముందే చెప్పేసాడు, ఎర్ర అట్ట పుస్తకం కూడా మానేది లేదన్నాడు. కాబట్టి గేటు దగ్గర తూకం ఫోనూ, లోపల గుమస్తా గారి ఫోనూ విడివిడిగా ఎంట్రీలు తీసుకుని, నెట్ వచ్చాక కలవాలి. ఒకే రైతుకి రెండు చోట్లా అడ్వాన్సు తెగ్గోస్తే ఏది ఉండాలి ఏది పోవాలి? బావ యథాప్రకారం డాక్యుమెంట్ మొదలెట్టాడు. విచిత్రంగా కుర్రాడు కూడా ఈసారి రాద్దాం అంటున్నాడు. నేనే వద్దంటున్నాను, ముందు రెండు పాత ఫోన్లలో ఏదో ఒక ముతక వెర్షన్ పెట్టి, డేటా ఆపేసి, గుమస్తా గారి చేత గేటు కుర్రాడి చేత ఒక పూట రాయిద్దాం, ఇద్దరూ ఒకే రైతుని నిజంగా ఎప్పుడు రాస్తారో, అసలు రాస్తారో లేదో చూసి అప్పుడు ఆ పేజీ రాద్దాం అని. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. మార్చిలో పిక్కలు దిగడం మొదలవుతుంది, ఆలోపు ఏదో ఒకటి తేలాలి. ఇలా రెండు ఫోన్లు కలిపే పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, డబ్బు ఎంట్రీల దగ్గర మీరేం చేసారో కింద రాయండి, బావకి చూపిస్తాను.